రత్నం చేతి కడియం

సోమవారం. పైన ఎండ, కింద పొగ.

రోజూ సాయంత్రం ఈ పలక ముందు కూర్చుని, ఆ రోజు నా ఒళ్ళు ఏం చేసిందో చెప్పమన్నారు. పడుకున్నానా, కూర్చున్నానా, నడిచానా, నడిస్తే ఎందాకా, ఆయాసం ఏ మాత్రం వచ్చింది. రొమ్ము మీద అతికించిన పట్టీ ఎలాగూ అన్నీ పట్టుకుంటుంది కదా అన్నాను. పట్టీ చెప్పేది వేరు, మనిషి చెప్పేది వేరు, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి బాబాయ్ గారూ అంది రెహానా. ఆ అమ్మాయిది కాకినాడ. కొండ మీది ఈ ఊటగెడ్డ శిబిరంలో ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సరు వాళ్ళందరి కదలికలూ ఆమే చూస్తుంది. నేను మా శ్రీకాకుళం మాటల్లో చెప్పినా ఈ పలక పుస్తకాల తెలుగులోకి మార్చేస్తుందట, ఒకరితో ఒకరు అన్న మాటల్ని మాత్రం అన్నట్టే ఉంచుతుందట. మార్చుకోనీ.

నా పేరు అసిరినాయుడు. కింద పట్నంలో గాలిమేడలో జల్లెడలు దులిపే పని చేసేవాణ్ని. పొగ ఏళ్ళు మొదలయ్యాక పుట్టినవాళ్ళకి గాలిమేడ లేని ఊరు ఎలా ఉంటుందో తెలియదు. బయటి గాలిని పెద్ద పెద్ద ఫ్యాన్లు లోపలికి లాగుతాయి, జల్లెడలు వడకడతాయి, గొట్టాల్లోంచి ఇంటింటికీ పోతుంది. నా భార్య నూకరత్నం ఫ్యాన్ల దగ్గర పని చేస్తుంది. ఫ్యాన్ల హోరుకి దాని చెవులు పోయాయి. జల్లెడల మసికి నా ఊపిరితిత్తులు పోయాయి.

ఈ రోజు: పొద్దున వరండాలో నడిచాను. అల్లం మడులకి నీళ్ళు పోశాను, సగం క్యాను. మోటారు గది దాకా వెళ్ళి, గోడ పట్టుకుని నిలబడి, వెనక్కి వచ్చాను. పనస మలుపు దాకా వెళ్ళాలని ఉంది. అక్కడి నుంచి పొగ లేని రోజున సముద్రం కనిపిస్తుందంటారు. నేను ఇంకా చూడలేదు.

గురువారం. గాలి బాగుంది.

ఈ రోజు మాటల గదిలో నా వంతు. నేను మాట్లాడితే కింద రత్నం ముందున్న పలక మీద అక్షరాలు పడతాయి. దాని మొహం మాత్రం నాకు కనిపిస్తుంది, గొంతు గొంతులాగే వస్తుంది. తన మాట తనకి వినపడదు కాబట్టి గట్టిగా అరుస్తుంది. గదిలో ఉన్న అందరూ వింటారు.

"తిన్నావా మావా?"

"తిన్నాను."

"ఏటి తిన్నావు?"

"చోడి అంబలి."

"కడియం పొద్దున కొంచెం అదిరింది. మాపటేల కొంచెం అదిరింది. మజ్జిన ఏటీ నేదు. పడుకున్నావేటి?"

కడియం సంగతి చెప్పాలి. ఇక్కడ చేరిన ప్రతి ఒక్కరి ఇంటికీ శిబిరం వాళ్ళు ఒక కడియం ఇస్తారు. ఇక్కడ నేను కదిలితే నా పట్టీ నుంచి కబురు వెళ్ళి అక్కడ దాని చేతికి కడియం అదురుతుంది. ఇంట్లో ఎవరో తన అడుగు కోసం చూస్తున్నారని తెలిస్తే రోగి ఇంకో నాలుగడుగులు ఎక్కువ వేస్తాడని ఈ ఏర్పాటు. నిజమే, వేస్తాడు. మోటారు గది దాకా నేను నడిచేది అందుకే.

"ఎప్పుడొస్తావు?" అని అడిగింది చివర్లో. రెండో మందు పడ్డాక అని చెప్పాను. అక్షరాలు చదువుకుని తలూపింది. అది పైకి రాలేదు. ఫ్యాన్లు ఆగితే ఊరికి ఊపిరాగుతుంది కాబట్టి ఫ్యాన్ల వాళ్ళకి సెలవు ఇవ్వరు.

మాట్లాడాక ఆయాసం వచ్చింది. నడకకి వచ్చే ఆయాసం కాదు ఇది. దీన్ని కూడా చెప్పాలో లేదో తెలియలేదు, చెబుతున్నాను.

శనివారం. చినుకులు.

గీత దిగుతోంది. ప్రతి మంచం పక్కనా గోడ మీద ఒక పచ్చ గీత ఉంటుంది. మనిషి కదిలిన కొద్దీ అది పైకి పోతుంది. దాని మీద అడ్డంగా ఒక ఎర్ర గీత. మందు వచ్చే ముందు వరసగా కొన్నాళ్ళు పచ్చది ఎర్రదానికి పైన ఉన్నవాళ్ళకే, జబ్బుని లొంగదీసే ఆ రెండో మందు. నాది ఎర్రదానికి కిందుగా పాకుతోంది.

ఈ రోజు వానకి బయటికి పోలేదు. మంచం మీద కూర్చుని కిటికీ రేకు మీద చినుకులు వింటున్నాను. నాకు తెలియకుండానే వేళ్ళు రొమ్ము మీద ఆడాయి. మా తాత, మా నాన్న, నేను, మాది తప్పెటగుళ్ళ ఇల్లు. రొమ్ముకి రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, గుండ్రంగా నిలబడి రెండు చేతులా వాయిస్తూ ఎగురుతాం. పొగ వచ్చాక ఆరుబయట ఆటలు పోయాయి. చేతులు మాత్రం మరిచిపోలేదు.

అలా వాయిస్తూ తల తిప్పితే, గోడ మీద పచ్చ గీత లేస్తోంది. ఆపాను. ఆగింది. మళ్ళీ వాయించాను. మళ్ళీ లేచింది. పట్టీ ఉన్నది సరిగ్గా తప్పెట ఉండే చోటే.

అప్పుడు నాకు మందు గుర్తు రాలేదు. రత్నం గుర్తొచ్చింది. ఇప్పుడు దాని చేతికి నా వాయింపు అందుతోంది కదా అనుకున్నాను.

దానికి చెవులు మందగిస్తున్న రోజుల్లో నేను ఇంట్లో తప్పెట కట్టుకుంటే దగ్గరికి వచ్చి రేకు మీద అరచెయ్యి ఆనించేది. కళ్ళు మూసుకుని, నేను ఏ వరస వాయిస్తున్నానో చెప్పేది. చెవులు పూర్తిగా పోయాక కూడా చెప్పేది.

మధ్యాహ్నమంతా వాయించాను. పెళ్ళినడక, గొల్లనడక, చివర్లో వేగంగా కొట్టే వరస. చేతులు నొప్పెట్టాయి. ఊపిరి మాత్రం బాగానే ఆడింది, కూర్చునే ఉన్నాను కాబట్టి.

ఇది పలకకి చెప్పకూడదేమో. చెప్పేశాను. రెహానా ఈ మాటలు నెలాఖరున గానీ వినదట.

గురువారం. కింద పొగ బాగా దట్టం.

మాటల గదిలో రత్నం మొహం వెలిగిపోతోంది.

"మావా, కడియం బాగా అదురుతోంది. మజ్జినేల మరీను. నాకు తెలుస్తోంది."

"తెలుస్తోందా?" అన్నాను.

"తెలుస్తోంది. రోజూ తెలుస్తోంది. అందరికీ సెప్తన్నాను."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గది నిండా జనం, పక్కన సిబ్బంది. వాయిస్తున్నాను అని నోటితో అంటే అక్కడికక్కడే పట్టీ మార్చేస్తారు. అందుకని, సరే అలాగే వింటూ ఉండు అన్నాను. అది ఒక్క క్షణం ఆ అక్షరాల వైపు చూసింది. నవ్వింది.

ఈ రోజు: వరండా దాకా నడిచాను. మోటారు గది దాకా పోలేదు. మధ్యాహ్నం వాయించాను.

మంగళవారం. ఎండ.

ఒప్పుకోవాలి, నడక తగ్గింది. నడిచినదానికన్నా వాయించినదానికి కడియం ఎక్కువ అదురుతుంటే నడవడం ఎందుకనిపిస్తోంది. పొద్దున లేవగానే మధ్యాహ్నం కోసం చూస్తాను. అక్కడ ఆ వేళకి అది ఫ్యాన్ల కింద నూనె పోస్తూ ఉంటుంది. అంత హోరు మధ్య, దానికి వినిపించని హోరు మధ్య, చేతికి నేను తగులుతాను. పెళ్ళైన కొత్తలో కూడా దాని గురించి ఇంతగా ఆలోచించలేదు.

రెహానా వచ్చి గీత చూసి చాలా సంతోషపడింది. "బాబాయ్ గారూ, ఏం తింటున్నారో నాకూ చెప్పండి. వార్డులో మీదే అందరికన్నా పైన ఉంది." వెళ్తూ వెళ్తూ నా కాళ్ళ వాపు చూసి ఆగింది. ఎక్కువ నడిస్తే అలాగే వస్తుంది, రాత్రి కాళ్ళు దిండు మీద పెట్టుకోండి అని చెప్పి వెళ్ళింది.

శుక్రవారం. గాలి బాగుంది.

సుగుణ టీచరుతో కలిసి మోటారు గది దాకా వెళ్ళాను. ఆమెది పార్వతీపురం, బడిలో లెక్కలు చెప్పేది. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. నాకున్న జబ్బే ఆమెకీ ఉంది. రోజూ పొద్దున, సాయంత్రం చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పనస మలుపు దాకా వెళ్ళి వస్తుంది. మధ్యలో మూడు చోట్ల ఆగుతుంది. ఎక్కడ ఆగాలో ఆమెకి ఒక పద్ధతి ఉంది, ఎవరు పిలిచినా ఇంకోచోట ఆగదు.

మోటారు గది దగ్గర నేను గోడకి జారగిలబడిపోయాను. ఆమె నా వైపు చూసింది.

"మీ గీత నా గీత కన్నా పైన ఉంది నాయుడు గారూ."

"అవునమ్మా."

"పొద్దున నడుస్తారా? నేను చూడలేదు మిమ్మల్ని."

నేను గోడ పట్టుకుని లేవబోయాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, కొండ వైపు చూస్తూ అంది. "ఈ నెల మందు ఒక్కరికే వస్తుందట. మీ తరవాత నేను. మీకే రావాలి, మీకు ఇంటి దగ్గర మనిషి ఉంది. కానీ నాకూ బతకాలని ఉంది నాయుడు గారూ. ఎందుకని అడిగితే చెప్పలేను. ఊరికే ఉంది."

తరవాత ఆమె పైకి వెళ్ళింది. నేను వెనక్కి వచ్చాను. మధ్యాహ్నం చేతులు రొమ్ము మీదికి వెళ్ళాయి. ఈ రోజు ఒక్క రోజూ మానేద్దామనుకున్నాను. కడియం అదరకపోతే అది కంగారు పడుతుంది. వాయించాను.

సోమవారం. మంచు.

పెద్ద డాక్టరు సుభద్ర గారు స్వయంగా వచ్చి నా మంచం మీద కూర్చున్నారు. బుధవారం తీగబండిలో రెండో మందు వస్తోంది, అది మీకే అన్నారు. కింద పట్నం నుంచి తీగ మీద వేలాడుతూ కొండ ఎక్కే బండి అది.

"నాయుడు గారూ, ఒక్క మాట. ఈ మందు మంచిదే, కానీ మొదటి వారం మొరటుగా ఉంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆగకుండా పరిగెత్తితే గుండె ఎలా కొట్టుకుంటుందో అలా కొట్టుకుంటుంది. నడిచే ఒళ్ళు తట్టుకుంటుంది. పడుకున్న ఒళ్ళు తట్టుకోదు. అందుకే మేము అన్నాళ్ళు గీత చూస్తాం. మీకు భయం లేదు, మీ గీత అలా ఉంది."

ఆవిడ వెళ్ళాక చాలాసేపు గీత వైపు చూశాను. తట్టుకుంటానేమో, ఎవరికి తెలుసు, ఒకప్పుడు రాత్రంతా ఎగిరిన ఒళ్ళే కదా అని ఒకసారి అనిపించింది. లోపలున్న మనసు ఎంత ఆశపోతో అప్పుడు తెలిసింది.

శిబిరం వాళ్ళు ఇంటికి కబురు పెట్టారు. రత్నం దగ్గర్నుంచి జవాబు కూడా వచ్చింది. రెహానా చదివి వినిపించింది. "నీ మంచం వైపు గొట్టానికి కొత్త జల్లెడ ఏయించినాను. పాత దుప్పటి ఉతికి పెట్టినాను. మందు పడ్డాక ఎంటనే వచ్చీ."

మంగళవారం. మంచు విడిచింది.

పొద్దున ఎవరూ లేవకముందే బయలుదేరాను. పనస మలుపు దాకా వెళ్ళగలిగితే మందు వేయించుకుందాం, లేకపోతే లేదు అని నాకు నేనే ఒక పందెం పెట్టుకున్నాను.

అల్లం మడులు దాటాను. మోటారు గది దాటాను. అక్కడి నుంచి దారి ఏటవాలుగా ఉంటుంది. కొంచెం ఎక్కేసరికి రొమ్ములో గాలి చాలలేదు. కళ్ళ ముందు దారి పచ్చగా, తరవాత తెల్లగా అయింది. కాఫీ మొక్క కొమ్మ పట్టుకున్నాను, అది విరిగింది. కూలబడిపోయాను. నిలబడదామంటే కాళ్ళు నా మాట వినలేదు.

సుగుణ టీచరు రోజూలాగే వచ్చింది. నన్ను చూసి, తాను ఎప్పుడూ ఆగని ఆ చోట ఆగింది. నా పక్కన బురదలోనే కూర్చుని నా వీపు రాస్తూ ఉండిపోయింది. తనకీ ఆయాసంగానే ఉంది. ఇద్దరం ఒకళ్ళ ఊపిరి ఒకళ్ళం వింటూ కూర్చున్నాం. ఊపిరి అందాక ఆమెకి అంతా చెప్పాను. తప్పెట గురించి, గీత గురించి, కడియం గురించి.

ఆమెకి కోపం వస్తుందనుకున్నాను. చెయ్యి తీసేసింది గానీ లేచి వెళ్ళలేదు.

"ఎవరికి చెబుతారు?" అంది.

"రెహానాకి."

"పదండి. నేనూ వస్తాను. మీరు ఒక్కరూ దిగలేరు."

రెహానా గదిలో కుర్చీలో కూర్చుని, ఆమె ముందున్న గాజు మీద నా గీత చూపించమన్నాను. చొక్కా గుండీ విప్పి వాయించాను. కాళ్ళు కదపలేదు. గీత లేచింది, లేచి లేచి పైకి పోయింది. రెహానా మొహం పాలిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వాన పడిన రోజు నుంచమ్మా."

"రేపు మందు ఎక్కించేవాళ్ళం మీకు. తెలుసా? సూది పెట్టేది నేనే. రేపు నా చేత్తో..." ఆగిపోయింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడింది. "ఎందుకు చెప్పలేదు బాబాయ్ గారూ?"

"సెప్తే పట్టీ తీసేస్తారు. రత్నం సేతిలో వాయింపు ఆగిపోద్ది."

ఆమె ఇటు తిరిగింది. కోపం తగ్గలేదు. తగ్గాలని నేనూ అనుకోలేదు. "తీసేయాలి" అంది. "తొడకి మారుస్తాను. అక్కడైతే నడిస్తేనే కదులుతుంది." చల్లటి చేతులతో రొమ్ము మీది పట్టీ ఊడబెరికింది. వెంట్రుకలు కొన్ని దానితో పాటు వచ్చాయి. తొడ మీద అతికించింది. సుగుణ టీచరు గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడి ఉంది.

గురువారం. పొగ.

నిన్న తీగబండి వచ్చింది. మందు సుగుణ టీచరుకి ఎక్కించారు. నన్ను దిగువ వార్డుకి మార్చారు. ఇది తీగబండి దిగే అరుగుకి దగ్గర, మెట్లు లేవు. ఇక్కడి వాళ్ళకి రెండో మందు ఉండదు. నొప్పికి మందు ఉంటుంది, ఊపిరికి గొట్టం ఉంటుంది, రోజూ నడవమని అడుగుతారు గానీ బలవంతం చేయరు. గోడ మీద పచ్చ గీత ఉంది, ఎర్ర గీత లేదు. అది చూసి మొదటిసారి ఈ వార్డు ఏమిటో అర్థమైంది.

మాటల గదికి వెళ్ళాను. రత్నం రాలేదు. దాని పలక ముందు ఖాళీ కుర్చీ. నా వంతు అయ్యేదాకా ఆ కుర్చీనే చూస్తూ కూర్చున్నాను.

శనివారం. ఏమీ బాగా లేదు.

మధ్యాహ్నం అలవాటుగా చేతులు రొమ్ము మీదికి వెళ్ళాయి. వాయించాను కూడా. గీత కదల్లేదు.

లేచి వరండాలో రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. మందు పడ్డాక సుగుణ టీచరుకి వచ్చిన జ్వరం ఇంకా తగ్గలేదట. చూడనివ్వలేదు.

బుధవారం. గాలి బాగుంది.

తీగబండి వచ్చింది. సామాన్లు దించారు, కూరగాయల బుట్టలు, ఊపిరి సీసాలు. చివర్లో రత్నం దిగింది.

పొగకి మొహానికి తగిలించుకున్న ముక్కుబుట్ట ఇంకా తీయలేదు. పైన అక్కర్లేదని దానికి ఎవరూ చెప్పలేదు. నేను వరండాలో కుర్చీలో ఉన్నాను. నన్ను చూసి గబగబా వచ్చి, రెండు చేతులతో నా మొహం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. భుజాలు తడిమింది. మోకాళ్ళ దాకా తడిమింది. తరవాత ముక్కుబుట్ట లాగేసి నేల మీద కూర్చుండిపోయింది.

"సచ్చిపోనావనుకున్నాను" అంది, దిగువ వార్డు మొత్తం వినేలా. "మంగళారం ఆగిపోయింది. బుదారం లేదు. గురారం లేదు. ఎవుల్నడిగినా బాగానే ఉన్నాడంటారు. బాగుంటే కడియం ఎందుకూరుకుంది? సెలవడిగితే ఈలేదు, గురారం మాటలకి కూడా ఒగ్గలేదు. పని ఒగ్గేసి వచ్చినాను."

ఇక్కడ మా మధ్య అక్షరాలు లేవు. దాని ముందు కూర్చుని, పెదవులు చదువుకోనిచ్చి, మెల్లగా చెప్పాను. వాయించడం, గీత, మందు, టీచరు, అన్నీ. అది చూస్తూ చూస్తూ నుదురు ముడిచింది.

"వాయించినావా?"

"రోజూ. నీకోసం. నాకు తెలుస్తోంది అన్నావు కదా."

"నడుస్తన్నావని తెలుస్తోందన్నాను." కడియం ఉన్న చెయ్యి నా ముందు పెట్టింది. "దీనికి వాయింపు తెలుస్తదేటి మావా? నువ్వు తుమ్మినా, నడిసినా, పరిగెత్తినా ఇది ఒక్కలాగే అదురుద్ది. గుర్రు గుర్రుమంటాది, అంతే. కొంచెం, బాగా, అదే తేడా. మా ఆయన ఎంత నడుస్తన్నాడో సూడండని ఫ్యాన్ల కాడ అందరికీ సెయ్యి సాపి సూపించినాను. కొండ ఎక్కుతున్నాడన్నాను. వచ్చే నెలకి ఇంటికొచ్చేస్తాడన్నాను."

నేను వాయించిన పెళ్ళినడకలు, గొల్లనడకలు అన్నీ ఎక్కడికి పోయినట్టు? ఒక్క వరస కూడా అందలేదు. చొక్కా మీద రెండు చేతులూ వేసి, ఇప్పుడు చెబుతాను విను, చెయ్యి పెట్టు అన్నాను. అది చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వొద్దు. ఎన్నాళ్ళు మోసపోయినాను దీనికి." కొంగుతో ముక్కు తుడుచుకుంది. లేచి నా చంక కింద చెయ్యి వేసింది. "లే. నడు. నాను సూడాల."

వరండా చివర దాకా నడిచాం. మధ్యలో రెండుసార్లు ఆగాను. నేను ఆగినప్పుడు అది కడియం వైపు చూడలేదు, నా కాళ్ళ వైపు చూసింది. ఎంత తక్కువ నడవగలనో ఇప్పుడు దానికి తెలిసింది. తిరిగి వచ్చేటప్పుడు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఆదివారం. పైనా కిందా ఎండ.

రత్నం వార్డులోనే చాప వేసుకుని పడుకుంటోంది. పక్క మంచాల వాళ్ళ దుప్పట్లు కూడా ఉతికేసింది. పొద్దున, సాయంత్రం నన్ను నడిపిస్తుంది. నడుస్తూ ఊరి సంగతులు చెబుతుంది. ఎవరి ఇంటి గొట్టం పగిలింది, ఎవరి కోడలు అలిగింది. నేను జవాబు చెప్పాలంటే ఆగి దాని వైపు తిరగాలి. ఆ వంకతో ఆగుతాను. అది తెలిసే, ఆగాల్సిన చోట ఏదో ఒకటి అడుగుతుంది.

రెహానా వచ్చింది. రత్నాన్ని చూసి నమస్కారం పెట్టింది. సుగుణ టీచరుకి జ్వరం దిగిందట, నిన్న మంచం పట్టుకుని నిలబడిందట. "మిమ్మల్ని అడిగారు బాబాయ్ గారూ. పనస మలుపు దగ్గర ఎవరైనా ఉన్నారా అని కూడా అడిగారు." ఆమె గొంతులో ఇంకా కొంచెం బిగువు ఉంది. అయినా నా తొడ మీది పట్టీ అంచు లేస్తే ఒత్తి సరిచేసింది.

ఒక్క మాట ఉండబట్టలేక అడిగాను. నేను ఇంటికి వెళ్ళిపోవచ్చా అని. డాక్టరు గారిని అడిగి చెప్పింది. కింద గాలికి నేను ఉండేది కొద్ది రోజులేనట. ఇక్కడైతే ఈ చలికాలం దాటొచ్చట. రత్నానికి రెహానా మెల్లగా, పెదవులు విప్పి చెప్పింది. అది తెలుసుకుని, "ఇక్కడే ఉండు" అంది నాతో. నా వైపు చూడకుండా అంది.

మంగళవారం. మబ్బు.

గాలిమేడ నుంచి కబురు. రత్నం బదులు పెట్టినవాడు ఫ్యాను బెల్టు తెగితే వేయలేకపోయాడట, రెండు వీధులకి గాలి అందలేదట. పిల్లలున్న ఇళ్ళు. తిరిగి వస్తే తీసుకుంటామన్నారు. అది చదివి పలక బోర్లా పెట్టింది. సాయంత్రం దాకా దుప్పట్లు ఉతికింది. తరవాత అంది.

"ఆ రెండో ఫ్యాను నా మాటే ఇంటాది మావా. ఇంకోడి మాట ఇనదు."

"ఎళ్ళు" అన్నాను.

"ఎళ్తే మళ్ళీ ఎప్పుడొస్తానో."

"ఎళ్ళు రత్నం. పిల్లలున్నారు."

కాసేపు నా పెదవుల వైపే చూస్తూ కూర్చుంది, ఇంకేమైనా అంటానేమోనని. ఉండిపో అన్న మాట నోటి దాకా వచ్చింది. అని ఉంటే ఉండిపోయేది.

బుధవారం. గాలి బాగుంది. కింద పొగ.

తీగబండి అరుగు దాకా నడిచాను. దగ్గరే, కానీ ఒక్క ఊపున పోలేదు. రత్నం నా పక్కన, దాని చేతిలో సంచి. సంచిలో పచ్చి అల్లం, రెహానా ఇచ్చింది.

అరుగు మీద అది ముక్కుబుట్ట తగిలించుకోబోయి ఆగింది. "రోజూ నడు. ఎక్కువ వొద్దు. నీ సేతనైనంతే. కొంచెం అదిరితే కొంచెమే అనుకుంటాను, ఇంకోటి అనుకోను" అంది. "అదరని రోజు నాడు కూడా నువ్వు ఉన్నావనే అనుకుంటాను. సెప్పు, ఉంటావు కదా?"

తలూపాను. అది ముక్కుబుట్ట పెట్టుకుంది. తరవాత కళ్ళే కనిపించాయి.

బండి కదిలింది. కాఫీ తోటల మీదుగా దిగింది, చిన్నదైంది, పొగలోకి వెళ్ళింది. అది అద్దానికి చెయ్యి ఆనించి ఉంచిందని అనుకుంటాను, అంత దూరం నాకు సరిగ్గా కనపడదు. బండి కనపడకుండా పోయాక కూడా తీగ ఊగుతూనే ఉంది. అవతల చివర అది ఇంకా దిగుతోంది కాబట్టి ఇవతల ఊగుతోంది. దిగువ వార్డు మనిషి వచ్చి కుర్చీ వేస్తానన్నాడు. వద్దన్నాను. కాళ్ళు వణికాయి, కమ్మీ పట్టుకున్నాను. చాలాసేపటికి తీగ నెమ్మదించింది. ఇంకాసేపటికి పూర్తిగా ఆగింది. అంటే అది కింద నేల మీద కాలు పెట్టింది.

అప్పుడు వెనక్కి వచ్చాను.

రెహానా, ఈ రోజు పట్టీలో నీకు పెద్దగా ఏమీ కనపడదు. అరుగు దాకా పోవడం, రావడం, అంతే. నిలబడడాన్ని తొడ మీది పట్టీ పని కింద లెక్క కట్టదని నువ్వే చెప్పావు. మనిషి చెప్పేది కూడా పక్కన పెట్టి చూస్తామన్నావు కదమ్మా, అందుకని చెబుతున్నాను. తీగ ఆగేదాకా నిలబడ్డాను.